గుండె మిషను మీద బంతిపూల దండ

విశ్వకర్మ పూజనాడు ఖరగ్‌పూర్‌లో మిషను ముట్టరు. సుత్తి దగ్గర్నుంచి క్రేను దాకా అన్నిటికీ బొట్టుపెట్టి, దండ వేసి, ఆ రోజుకి సెలవిచ్చేస్తారు. నిమ్‌పురా రైల్వే యార్డు వెనక బోగీ స్ప్రింగులు చేసే ఒక చిన్న కార్ఖానా ఉంది. అక్కడి సూపర్‌వైజరు వరాహనరసింహం గారికి ఈ పట్టింపు మరీ ఎక్కువ. టీ కాచే స్టవ్వుకి కూడా బొట్టుపెట్టే రకం ఆయన.

నిరుడు గోడకున్న గుండె మిషనుకీ దండ వేయించారు. మనిషి గుండె ఆగిపోతే ఛాతీకి రెండు ప్యాడ్లు అంటించి షాకిచ్చే పెట్టె అది. ఎప్పుడేం చెయ్యాలో అదే హిందీలో చెబుతుంది. ఆ మధ్యాహ్నమే, ఖిచిడీ గిన్నె మోసుకొస్తున్న పనివాడు ఎర్రయ్య షెడ్డు మధ్యలో వెల్లకిలా పడిపోయాడు. ఒకరు డాక్టరుకి ఫోను చేశారు. ఇంకొకరు పెట్టె వైపు పరుగెత్తబోతే వరాహనరసింహం గారు చెయ్యి అడ్డుపెట్టారు. "ఇవాళ ముట్టకూడదు. మలంచా నుంచి డాక్టరు బయల్దేరాడు కదా!" అన్నారు. డాక్టరు వచ్చేసరికి ఎర్రయ్య ఒళ్ళు చల్లబడిపోయింది.

ఎర్రయ్య పెళ్ళాం సత్యవాణికి అక్కడే ఊడ్చే పని ఇచ్చారు. ఆమె రోజూ వస్తుంది, ఊడుస్తుంది, అతను పడిన చోటు కూడా ఊడుస్తుంది. ఏడాదిగా ఆమెకి ఏదీ తెలియడం లేదు. కూరలో ఉప్పు తెలియదు, కాల్లో ఇనుపరజను దిగినా తెలియదు. కనీసం ఏడుపైనా రానందుకు ఆమెకే సిగ్గు. ఒక్కటే మిగిలింది లోపల. ఆ రోజు ఎవరైనా ఆ పెట్టె బొత్తాం నొక్కి ఉంటే మనిషి తిరిగొచ్చేవాడా అన్నది తేలాలి.

ఈ ఏడూ పూజయింది. అందరూ బయట షామియానా కింద భోజనాలకి కూర్చున్నారు. ముసురు పట్టింది. కరెంటు మెయిన్ ఆపేశారు కాబట్టి పట్టపగలే షెడ్డు చీకటి గుయ్యారంలా ఉంది. దీపం కొండెక్కకుండా చూడమని సత్యవాణిని లోపల ఉంచారు. గ్రీజు, సాంబ్రాణి, వాడిపోతున్న బంతిపూలు కలిసిపోయి అదో వాసన. పైన రేకుల మీద వాన ఒకటే మోత.

ఆ మోతలోంచి ఆడగొంతు ఒకటి హిందీలో పలికింది.

"రోగిని తాకవద్దు."

సత్యవాణి తలెత్తింది. గోడమీది పెట్టె మూత తెరిచి ఉంది. దాని బ్యాటరీ చచ్చి నెలలైంది. కొత్తది ఇంకా రానేలేదు.

రెండు తీగలు పెట్టెలోంచి నేలవైపు దిగాయి. వాటి చివరి ప్యాడ్లు ఎర్రయ్య పడిన చోటే ఉన్నాయి. నేలమీద కాదు... గాలిలో. పడుకున్న మనిషి ఛాతీ ఎంత ఎత్తుంటుందో, అంత ఎత్తులో.

"షాకు అవసరం. మెరుస్తున్న బొత్తాం నొక్కండి."

దీపానికి నూనె తెచ్చిన వరాహనరసింహం గారు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు.

"ముట్టకమ్మా సత్యవాణీ..." అన్నారు గుసగుసగా. "ఇవాళ... ముట్టకూడదు."

"నిరుడూ అదే సెప్పినారు బాబూ."

ఆ మాటలో కోపం లేదు. ఏమీ లేదు. ఆమె వెళ్ళి, దండ తీసి పక్కన పెట్టి, బొత్తాం నొక్కింది. వెనక నూనె సీసా పగిలింది. ఆయన పరుగెత్తిన చప్పుడు వాకిట్లోకి పోయింది.

ప్యాడ్లు ఒక్కసారి ఎగిరిపడ్డాయి.

"షాకు ఇవ్వడం అయింది. ఇప్పుడు రోగిని తాకవచ్చు."

సత్యవాణి మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు ప్యాడ్ల మధ్య అరచెయ్యి ఆన్చింది. కంటికేమీ లేదు. చేతికి ఉంది. తడి బట్ట... కింద ఎముకలు... ఇంకా కింద గుండె. కొట్టుకుంటోంది. గట్టిగా.

ఏడాదికి ఆమెకి ఏడుపొచ్చింది. సంతోషంతో ఇంకా కిందికి వంగింది.

"వచ్చీసినావేటయ్యా..."

జవాబు ఆ గుండె దగ్గర్నుంచి రాలేదు. వెనకనుంచి, చెవి పక్కన వచ్చింది. ఎర్రయ్య గొంతే. హడలిపోయిన గొంతు.

"సత్తివాణీ... అది నాను కాదే. సెయ్యి తీసీ."

ఆమె తియ్యబోయింది. ఆ చేతి మీద అప్పటికే, కిందనుంచి లేచిన ఇంకో చెయ్యి బిగుసుకుని ఉంది.