తీపి జావ

మెట్లెక్కి వచ్చిన అమ్మాయి గుమ్మం దాటలేదు. చెప్పులు బయట విడిచి, భుజానికున్న సంచిని రెండు చేతులతో పట్టుకుని, "దత్తాత్రి సారు గీన్నే ఉంటరా?" అని అడిగింది. రుచిత ఆమెను లోపలికి పిలిచి, కుర్చీ జరిపి, మంచినీళ్లిచ్చింది.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర, బట్టల దుకాణం పై అంతస్తులో ఉంది దత్తాత్రి డిటెక్టివ్ ఆఫీసు. అక్కడికి ఎక్కువగా పెళ్లిసంబంధాల ఆరాల కోసం వస్తారు. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇదివరకు ఎవరైనా ఉన్నారా, ఇవే వాళ్ల ప్రశ్నలు. దత్తాత్రి వాళ్లను మర్యాదగా సాగనంపి, తలుపు మూసుకున్నాక ఈసడించుకుంటాడు. రుచిత అతని దగ్గర పనికి చేరింది ఆ ఈసడింపు నచ్చే. ఊరంతా దండం పెట్టే మనిషిని కూడా అతను ఒక్క చూపుతో కొలిచి పక్కన పెడతాడు. ఆ కొలత తప్పడం ఆమె ఇంతవరకు చూడలేదు.

"నా పేరు స్వర్ణ. మాది అక్కన్నపేట" అంది ఆ అమ్మాయి. "ఇండ్లల్లకు పోయి మంచంల వడ్డోళ్లను చూసుకునే నర్సును సార్. దామోదర్ సార్ వాళ్ల అమ్మ పద్మమ్మను చూసుకుంటున్న."

దామోదర్ పేరు తెలియనివాళ్లు ఊళ్లో లేరు. రైసుమిల్లు, పార్టీ టికెట్ మీద ఆశ, ప్రతి చౌరస్తాలో తల్లి పాదాల దగ్గర కూర్చున్న ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద 'అమ్మే నా దైవం' అని పెద్ద అక్షరాలు.

"నిన్న పగటీలి అవ్వకు జావ తాపిన. కొంచెం సేపైనంక లేపితే లేస్తలేదు. దవాఖానకు తీస్కపోతే నిద్రగోలీలు మస్తు పడ్డయన్నరు. పానం దక్కింది గని ఇంకా మత్తుల్నే ఉంది. ఇంట్లోళ్లు నా సంచి దేవులాడితే గోలీల పట్టీ దొరికింది. ఒట్టు సార్, అది నాది కాదు."

"పోలీసుల్ని పిలిచిన్రా?" అన్నాడు దత్తాత్రి.

"లేదు సార్. ఇయ్యాల సాయంత్రం పెద్దమనుషులను కూసోవెడ్తరట. అందరి ముంగట తప్పు ఒప్పుకొని ఎల్లిపోతే కేసు పెట్టమన్నరు."

దత్తాత్రి నవ్వాడు. "తల్లిని చంపబోయిన మనిషిని ఊకనే ఇడిచిపెడ్తడట! ఎంత పెద్ద మనసు! చూసినవా రుచితా, నిజంగ అనుమానమున్నోడు ఠాణకు ఉరుకుతడు. వీళ్లకు కావల్సింది ఈ పిల్ల తప్పు ఒప్పుకునుడు, మూట సదురుకునుడు. అమ్మా స్వర్ణా, ఈ మధ్యల ఆ ఇంట్ల కొత్తగ ఏమన్న అయిందా?"

"అవ్వకు మాట వచ్చింది సార్. పక్షవాతం వచ్చిన కాంచి మాట లేకుండె. రోజూ నోటి కసరత్తు చేపిచ్చిన. మొన్న 'సైకిలు' అన్నది. అదే మాట, మల్ల మల్ల అదే. నేను సంబురంతోటి హాలులకు ఉరికి చెప్పిన. అందరున్నరు. ఒక్కరు గూడ నవ్వలే."

"పక్షవాతం యాడ వచ్చింది?"

"దేవునర్రల కడప తాకి పడ్డదన్నరు. గని సార్, పనికి చేరిన కొత్తల ఒళ్లు తుడుస్తుంటే చూసిన. ఎడమ భుజం మీదికెల్లి కుడి నడుము దాకా పట్టీ లెక్క కమిలి ఉండె. ఇదేంది అని అడిగితే నీ పని నువ్వు చూస్కో అన్నరు."

దత్తాత్రి చేతిలో ఆడిస్తున్న పెన్ను ఆగిపోయింది. రుచితకు ఆ ఆగడం తెలుసు. ఏదో దొరికింది.

అతను దామోదర్‌కు ఫోన్ చేశాడు. నర్సు తన దగ్గరే ఉందనీ, సాయంత్రం తానే తీసుకొస్తాననీ, ఈలోగా ఇంట్లోవాళ్లను నాలుగు మాటలు అడిగితే ఆమెతో ఒప్పించడం తేలికవుతుందనీ చెప్పాడు. దామోదర్ సంతోషంగా రమ్మన్నాడు.

ఆ ఇంటి హాలు నిండా శాలువాలు కప్పించుకున్న ఫొటోలు. వరండాలో కాళ్లు కడుక్కునే చోట ఒక సత్తు పళ్లెం బోర్లించి ఉంది. "అది నర్సుది. మాతోటి కూసోని తినదు" అంది కృతిక. ఆమె దామోదర్ కోడలు. ఆ పిల్ల కూర్చోదా, వీళ్లు కూర్చోనివ్వరా అన్నది రుచిత అడగలేదు. అడగాల్సిన పనిలేకుండా ఆ గొంతులోనే ఉంది.

డైనింగ్ టేబుల్ మీద తేనె సీసా, కోసిన నిమ్మకాయలు ఉన్నాయి. పొద్దున్నే తాగడానికి అవి తనవేనని చెప్పింది కృతిక.

"నాయినమ్మకు షుగర్ ఉన్నది. ఆమెకు ఉప్పు జావనే" అంది. "ఆమె పడ్డనాడు నా బాధ చెప్పతరం గాదు. మా ఆయన కుడికాలు ఇరిగి పట్టీల ఉండె. ఒక్కసారే ఇద్దరు పేషెంట్లు. అందుకే నర్సును పెట్టుకున్నం. ఇట్ల చేస్తదనుకోలే."

వంటింట్లో పనిమనిషి సాయవ్వ గిన్నెలు తోముతోంది. "జావ కాసి, సల్లారెటానికి గా బల్ల మీద మూతవెట్టిన. అన్నం యాళ్ల, అందరు గాన్నే తిరిగిన్రు. స్వర్ణ వచ్చి తీస్కపోయింది." గొంతు తగ్గించింది. "ఒక్కటే నాకు సమజ్ గాలె సార్. తర్వాత గిన్నె కడుగబోతే చీమలు కమ్ముకున్నయి. ఉప్పు జావకు చీమలేంది అని తిట్టుకుంట కడిగిన."

దామోదర్ కొడుకు వినయ్ పెద్దగా మాట్లాడలేదు. నర్సు సెలవు పెట్టిన రోజున నాయినమ్మ వేలు గుచ్చి షుగర్ చూసేది తానేనన్నాడు. సైకిలు మాట ఎత్తితే, "నాకేం తెల్వదు" అన్నాడు.

చివరికి దామోదర్ వచ్చి కూర్చున్నాడు. కుర్తా మడత నలగకుండా జాగ్రత్తగా.

"మా అమ్మ నాకు దేవత. ఎంత పనున్నా వారం వారం నా చేతులతోటి జిలేబీ తెచ్చి ఆమె దిండు పక్కకు పెడ్త. అసొంటి తల్లికి ఈ పిల్ల మందు పెట్టింది."

"జిలేబీ తింటదా అమ్మ?"

"తినకుంటె డబ్బ ఎట్ల ఖాళీ అయితది?"

"నిద్రగోలీలు ఈ ఇంట్లయేనా?"

"నావే. టెన్షన్‌లుంటయి గద, డాక్టర్ రాసిచ్చిండు. అల్మార తాళం వెయ్యం. ఆ పిల్ల తీసి ఉంటది."

"బయట ఉన్న తెల్ల కారు మీరే నడుపుతరా?"

"నేను స్టీరింగు ముట్టక ఏండ్లయింది. పోయిన దసరకు కొన్నం, కొన్ననాటి సంది మా వినయే నడుపుతడు. అమ్మను యాడికి తీస్కపోవాలన్నా వాడే."

బయటికి వచ్చాక దత్తాత్రి ఉమ్మేసినంత పని చేశాడు. "ఇన్నవా? కొడుకును గూడ అమ్ముకుంటడు వీడు" అన్నాడు. రుచితకు అర్థం కాలేదు. అతను చెప్పలేదు. ఆటో మాట్లాడి తొగుట దారి పట్టించాడు.

ఆ దారి మీద సైకిలు మీద పోతున్న దుబ్బయ్య అనే కూలీని ఏదో కారు గుద్ది ఆగకుండా పోయిందని పద్మమ్మ మంచం పట్టిన రోజుల్లోనే పేపర్లో వచ్చింది. దుబ్బయ్య భార్య వాకిట్లో పత్తికట్టె విరుస్తోంది. అప్పటినుంచి ఠాణా చుట్టూ తిరుగుతూనే ఉందట. "తెల్ల కారట. చాయ్ హోటలాయన చూసిండు. లోపల ఎవలో ముసలామె ఆపుమని గట్టిగ ఒర్రిందట. గంతే తెలుసు. జల్ది దవాఖానకు ఏస్తే బతుకుతుండె అన్నరు డాక్టర్లు. శానసేపు దారి మీదనే ఉన్నడు." ఆమె ఏడవలేదు. అడిగి అడిగి అలిసిపోయిన మనిషిలా చెప్పింది.

సాయంత్రం దామోదర్ హాల్లో పెద్దమనుషులు సోఫాల నిండా కూర్చున్నారు. వాళ్లలో పెద్ద తలకాయ పెద్దయ్య, దామోదర్‌కు మేనమామ వరస. స్వర్ణకు కుర్చీ లేదు. రుచిత లేచి తన కుర్చీ ఆమెకిచ్చి వెనక నిలబడింది.

"ఒప్పుకుంటదా?" అన్నాడు పెద్దయ్య.

"ఒప్పుకుంటరు. ఎవరన్నది జర సేపట్ల తెలుస్తది" అన్నాడు దత్తాత్రి. "నిద్రగోలీలు చేదుగ ఉంటయి. నూరి జావల కలిపి, చేదు తెల్వకుండ తేనె పోసిన్రు. అందుకే గిన్నెకు చీమలు పట్టినయి. ఈ పిల్లకు తేనెతోటి పనేంది? పద్మమ్మకు రోజూ చేదు గోలీలు నూరి తాపేది ఈమెనే. ఆమె చేతిల ఏముంటె అది ఆ తల్లి మింగుతది. సాయవ్వకు, కృతికకు, వినయ్‌కు పద్మమ్మకు షుగరని తెలుసు. తీపి కలిపితే అనుమానం వస్తదని గూడ తెలుసు. చేదు దాచాలంటే వాళ్లు పుల్లమజ్జిగ పోసేటోళ్లు. తేనె పోసేటోడు ఒక్కడే, పద్మమ్మకు షుగరున్నదని తెల్వనోడు."

హాల్లో చూపులన్నీ దామోదర్ మీదికి తిరిగాయి.

"చౌరస్తాలల్ల తల్లి కాళ్ల కాడ కూసోని ఫొటోలు దిగిండు గని, తల్లికి ఏం రోగమో తెలుసుకోలే. వారం వారం జిలేబీ తెచ్చి పెట్టిండు. స్వర్ణా, ఆ జిలేబీ ఏమయితుండె?"

"సాయవ్వకు ఇస్తుంటి సార్. చెప్తే ఈ సార్ నారాజైతడని చెప్పలే."

దామోదర్ లేచాడు. "ఏం మాట్లాడుతున్నవ్? నా తల్లికి నేనెందుకు పెడ్త?"

"సైకిలు అన్నది గనక. మీ అమ్మ కడప తాకి పడలే. ఎడమ భుజం మీదికెల్లి కుడి నడుముకు పట్టీ లెక్క కమిలిందంటే అది కారు బెల్టు. ముందు సీట్ల, నడిపేటోని పక్కన కూసున్న మనిషికే అట్ల పడ్తది. తొగుట దారిల దుబ్బయ్యను గుద్దిన కారుల ఆమె ఉన్నది. ఆపుమని ఒర్రింది. ఆపలే. ఆ ఒర్రుడుల్నే ఆమె నోరు పడిపోయింది."

"కారు నడిపేది నేను గాదు, వినయ్!" అని దామోదర్ అరిచాడు.

వినయ్ తండ్రి వైపు తిరిగాడు. అతని ముఖం చూడలేక రుచిత తల దించుకుంది. పొద్దున దత్తాత్రి అన్న మాట ఆమెకు అప్పుడు అర్థమైంది.

"అప్పుడు నా కుడికాలు పట్టీల ఉండె బాపు" అన్నాడు వినయ్ మెల్లగా. "నువ్వే పెండ్లికని నాయినమ్మను తీస్కపోయినవ్. బర్రె అడ్డమొచ్చింది, బంపర్ ఇరిగిందన్నవ్. పక్షవాతమొచ్చింది ఇంట్లనే అని చెప్పుమన్నవ్. ఎందుకని నేనడగలే."

దామోదర్ నిలబడే ఉన్నాడు కానీ అతనిలో మనిషెవరూ మిగలనట్టు ఉంది. "చంపుదామనుకోలే. మాట రాకుంట మత్తుల ఉంటె సాలనుకున్న. పట్టీ ఈ పిల్ల సంచిల వేస్తే, మాట నేర్పుడు బంద్ అయితదనుకున్న" అన్నాడు. తర్వాత పెద్దయ్య వైపు చూశాడు. "మామా, టికెట్ సంగతి నీకు తెలుసు. ఇంట్ల మాట ఇంట్లనే ఉంచుదాం."

పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యిందేందో అయ్యింది. పోయినోడు తిరిగొస్తడా? ఆ ఇంటికి ఏదన్న సాయం చేద్దాం." మిగతావాళ్లు తలలూపారు. ఇందాక నర్సుకు శిక్ష వేయడానికి ముందుకు వంగి కూర్చున్నవాళ్లే ఇప్పుడు సోఫాల్లోకి వెనక్కి జారారు.

"రుచితా, పెద్దమనుషులంటే ఎట్లుంటరో మంచిగ చూస్కో" అన్నాడు దత్తాత్రి. "మల్లెప్పుడన్న ఎవరన్న చేతులు కట్టుకోని వీళ్ల ముందల నిలవడితే, ఇది యాదికి తెచ్చుకో."

వినయ్ ఫోను తీసి ఠాణాకు కలిపాడు. కృతిక అతని చేయి పట్టుకోబోయి ఆగిపోయింది. అతను తొగుట దారి, దుబ్బయ్య, తన తండ్రి పేరు అన్నీ వరసగా చెప్పాడు. అంతా విని పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి, ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కున్నారు.

పెద్దయ్య స్వర్ణ దగ్గర ఆగాడు. "మనసుల వెట్టుకోకు బిడ్డా. రేపటి సంది పనికి రా. జీతం పెంచిపిస్త."

స్వర్ణ కుర్చీలోంచి లేవకుండానే అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వెవరు?" అంది.

పెద్దయ్య చెప్పులేసుకోకుండానే మెట్లు దిగాడు.

స్వర్ణ సంచి భుజాన వేసుకుంది. వినయ్ ఎదురొచ్చి ఏదో అనబోయాడు. "దవాఖానకు పోతున్న" అంది ఆమె. "అవ్వకు మెలకువ వస్తే భయపడ్తది. పక్కన ఎవరన్న ఉండాలె గద."

రుచిత ఆమెతో కలిసి రోడ్డు దాకా నడిచి ఆటో ఆపింది.