వచ్చింది, వదిలెయ్

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా తోడల్లుడు. నీటి సొరంగం దగ్గర కాపలా పనిచేసినవాడు, ఆ రోజు లోపలికి వెళ్లొచ్చిన ఇద్దరిలో ఒకడు. తర్వాత ఇది నలుగురి నోళ్లలో పడి నానా రకాలుగా మారింది. వాడితో వెళ్లిన పిల్ల భ్రమపడిందని ఒకడు, కాపలావాడు తాగున్నాడని ఇంకొకడు. అలా కూసినవాళ్లెవరూ అక్కడ లేరు. వాళ్లందరూ నాకు గుర్తున్నారు. నా అక్షరాలు వంకరైతే అవనీ గాని, మాట వంకర పోకూడదని రాస్తున్నాను.

కొండ అడుగున సొరంగం. ఊరి నీళ్లన్నీ అందులోంచే వస్తాయి. దాని గోడ వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా గాజుతీగ అతికించి ఉంటుంది. లోపలి గాజు వెంట్రుకంత, పైన తొడుగు. సొరంగం మొదట్లో ఉన్న గదిలోని యంత్రం ఆ తీగలోకి వెలుగు పంపుతుంది. వెళ్లిన వెలుగు దారి పొడవునా కొంచెం కొంచెంగా వెనక్కి వస్తుంది. గోడ ఎక్కడ పిసరంత సాగినా అక్కడ తీగా సాగుతుంది, తెర మీద గీతలో సరిగ్గా ఆ చోటే బొడిపె లేస్తుంది. కొండ కడుపులో ఎక్కడ నొప్పి పుట్టిందో కుర్చీలో కూర్చుని చెప్పేయొచ్చు.

ఆ కుర్చీలో కూర్చునేది ఆ పిల్లే. గోడకు తీగ అతికించేది ఆమె అన్నయ్య. ఆయన్ని అందరూ జిగురాయన అనేవారు. చెయ్యి కలిపితే చాలు, "వదులుతావా, లేక మీ ఇంటికే రమ్మంటావా?" అని ఏడిపించేవారు.

తీగ సరిగ్గా పలుకుతోందో లేదో చూడ్డానికి ఆ అన్నాచెల్లెళ్లకో పద్ధతి ఉంది. గోడ మీద ఎర్రరంగు గుర్తులుంటాయి. అన్నయ్య లోపలి నుంచి మొదలుపెట్టి, ఒక్కో గుర్తు దగ్గర తీగను వేళ్లతో పట్టి లాగుతాడు. తెర మీద బొడిపె లేస్తుంది. చెల్లెలు వాకీటాకీలో, "వచ్చింది, వదిలెయ్" అంటుంది. ఆ మాట వినిపించేదాకా ఆయన చెయ్యి తియ్యడు. వినిపించాక బయటి వైపు ఉన్న తర్వాతి గుర్తుకు నడుస్తాడు. ఆయన పట్టుకు ఒక సంతకం కూడా ఉండేది. రెండు పొట్టి లాగుళ్లు, ఒక పొడుగు.

నిరుడు నీళ్లు ఆపి సొరంగం ఎండబెట్టినప్పుడు, పరీక్ష సగంలో ఉండగా వాకీటాకీ గరగరమంది. "పట్టుకో అన్నయ్యా, ఇప్పుడే చెప్తా" అంది చెల్లెలు. అంతలో పెద్దసారు గదిలోకి వచ్చాడు. "ఇంకా తేల్లేదా? నీళ్లు వదలాలి."

"అన్నయ్య లోపలే ఉన్నాడు సార్!"

"అందరూ వచ్చేశారు. హెల్మెట్లు కొక్కేలకే ఉన్నాయి, పోయి చూసుకో."

గోడకు చెంప ఆనించి పనిచేసేవాడికి హెల్మెట్ అంచు అడ్డం. అందుకని అన్నయ్య దాన్ని కొక్కేనికే వదిలి వెళ్లేవాడు. పనివాళ్లందరికీ తెలిసిన ముక్క అది. ఆమె చెబుతూనే ఉంది. నీటి తలుపులు లేచాయి.

మనిషి దొరకలేదు, శవమూ దొరకలేదు. "పని వదిలేసి పోయాడు" అని కాగితంలో రాసి పెద్దసారు సంతకం పెట్టాడు. ఎవత్తెతోనో పోయాడని జనం అన్నారు. వదినె ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. తెర మీద ఆ గుర్తు దగ్గర మాత్రం బొడిపె అలాగే నిలిచిపోయింది. జిగురు లోపమన్నారు.

ఏడాది తర్వాత సొరంగం మళ్లీ ఎండబెట్టారు. నీళ్లు వదిలే రోజున చెల్లెలు కళ్లజోడు బాబాయిని తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయనా ఆ గదిలో పనిచేసేవాడే. "మావయ్యా, తోడొస్తావా? అన్నయ్య పారిపోలేదని చూపించాలి. మళ్లీ నీళ్లొస్తే ఇంకో ఏడాది ఆగాలి" అని మా తోడల్లుణ్ణి అడిగింది.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల కళ్లు పొడుచుకున్నా కనపడదు. తడి సిమెంటు వాసన, నాచు వాసన. పైనుంచి బొట్లు. ఎక్కడో ఒక బొట్టు పడితే దాని చప్పుడు ముందుకు పోయి, ఆలోచించుకుని తిరిగొచ్చినట్టు వినిపించేది.

ఆ గుర్తు దగ్గరికి చేరేసరికి ఘాటైన జిగురు వాసన. పచ్చి జిగురు. ఆరితే పోవాల్సిన వాసన.

లైటు వేసి చూశారు. గోడ దగ్గర ఎవరూ లేరు. బెత్తెడు మేర తీగ మాత్రం బిగదీసిన దారంలా ఉంది.

ఆమె గోడకు నోరు ఆనించింది. "వచ్చింది అన్నయ్యా... వదిలెయ్."

తీగ సడలింది.

"పోయింది!" వాకీటాకీలో బాబాయి కేక. "బొడిపె పోయిందమ్మాయ్!"

ఆమె గోడ పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి బాబాయి గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి బాగా తగ్గించి.

"అమ్మాయ్... తర్వాతి గుర్తు దగ్గర లేచింది."

"పని పూర్తి చేస్తున్నాడు మావయ్యా!" అంది ఆమె. "పద, మాట చెప్పుకుంటూ బయటికి తీసుకెళ్దాం."

ఒక్కో గుర్తు దగ్గర ఆగి ఆమె మాట చెప్పడం, ముందు చీకట్లో తీగ బిగుసుకోవడం. వాళ్లు వెనక. అది ముందు. జిగురు వాసన కూడా ముందు నుంచే వస్తోంది.

"బాబాయ్, రెండు పొట్టి, ఒక పొడుగు... ఉందా?"

"లేదమ్మాయ్. ఊరికే పట్టుకుంది."

"పట్టుకుంది ఏమిటి బాబాయ్? పట్టుకున్నాడు అను."

"తర్వాతి గుర్తు దగ్గర లేచింది" అన్నాడు బాబాయి.

"అలిసిపోయుంటాడు" అంది ఆమె, ఎవరూ అడక్కుండానే.

వెలుతురు కనపడింది. బయట పెద్దసారు చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. సొరంగం మొదట్లో ఉన్న ఆఖరి గుర్తు దగ్గర ఆమె తీగ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

"వచ్చింది అన్నయ్యా. వదిలెయ్. ఇంటికి పోదాం."

తీగ సడలింది. వాళ్లిద్దరూ బయటికి రావడం, పెద్దసారు చెయ్యి ఊపడం, సైరన్ మోగడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. కొండ లోపల నీళ్లు గర్జించాయి.

"అమ్మాయ్... పాతచోట మళ్లీ లేచింది."

"ఏమిటి?"

"రెండు పొట్టి... ఒక పొడుగు. రెండు పొట్టి... ఒక పొడుగు. ఆగట్లేదమ్మాయ్... ఆగట్లేదు..."

అప్పుడు తట్టింది ఆమెకు. అన్నయ్య అక్కడే ఉన్నాడు. మరి ఏడాదిగా ఆయన పట్టుకున్నది దేన్ని? తన మాట విని ఆయన వదిలింది దేన్ని?

"పట్టుకో!" అని లోపలికి అరిచింది. "అన్నయ్యా, పట్టుకో!" నీళ్ల హోరులో ఆ కేక ఆమెకే వినపడలేదు.

"అమ్మాయ్..." చెవికి అదుముకున్న వాకీటాకీలో బాబాయి గుసగుస. "ఆఖరి గుర్తు దాటాక తీగ ఎటు పోతుంది?"

"నీ గదిలోకి బాబాయ్... నీ కుర్చీ కిందికి."

"జిగురు వాసనొస్తోంది..."

అంతే. ఇంకేమీ వినపడలేదు.

గది తలుపు పగలగొట్టి లోపలికి వెళ్లారు. బాబాయి బతికే ఉన్నాడు. తీగను రెండు చేతులా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా తెర వంక చూస్తున్నాడు. ఇద్దరు బలమైనవాళ్లు లాగినా వేళ్లు రాలేదు. అటూ ఇటూ తీగ కోసి, ఆ ముక్కతోనే ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇప్పటికీ పిడికిలి విప్పలేదు. చెల్లెలు వెళ్లి చూసొస్తుంది, పక్కన కూర్చుంటుంది, అన్నం తినిపిస్తుంది. ఆ ఒక్క మాట మాత్రం అనదు. పొరపాటున ఎవరైనా అంటారేమోనని గుమ్మం దగ్గర మా తోడల్లుడు కూర్చుంటాడు. కోసిన తీగ గదిలో నేల మీద పడి ఉంది. అయినా తెర మీద పాతచోట బొడిపె ఇంకా కదులుతోందట. రెండు పొట్టి, ఒక పొడుగు.

చదువుకున్నవాళ్లు, ఆఫీసుల్లో మాట చెల్లేవాళ్లు ఎవరైనా దీన్ని చదివితే ఒక్క పని చేసిపెట్టండి. పెద్దసారు రాసిన ఆ కాగితం తీయించి, "పని వదిలేసి పోయాడు" అన్నది కొట్టేయించండి. "పట్టుకునే ఉన్నాడు" అని రాయించండి. వదినె మళ్లీ తలెత్తుకు తిరగాలి. కొట్టేసేటప్పుడు మాత్రం ఆ పాత మాట పైకి చదవకండి. ఎక్కడ, ఎవరి చేతిలో, ఏముందో మనకు తెలియదు.