ఊరటకమ్మలు

“గజ్జల్లో బిళ్ల గానీ కట్టలేదు కదే?”

కూతురు మంచం దిగకముందే, రాగిజావ చల్లారబోస్తూ అడిగేసింది నూకరత్నం. కాలికి ఏమైనా అయితే ముందు తొడల మొదట్లో గజ్జలు తడిమి, బిళ్ల వాచిందేమో చూడాలన్నది వాళ్లమ్మ నేర్పిన వైద్యం. చిన్నప్పుడు జోషితకు ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా ఇదే ప్రశ్న.

జోషిత రెండు చెవుల కమ్మలూ ఒక్క క్షణం పసుపుపచ్చగా వెలిగి ఆరిపోయాయి.

“థాంక్సమ్మా. నువ్వలా అంటే ధైర్యంగా ఉంటుంది,” అంటూ జావ అందుకుంది. ఇంకేమైనా అడుగుతుందా అన్నట్టు తల్లి ముఖంకేసి కాసేపు చూసి, తల దించుకుంది.

నూకరత్నానికి ఒళ్లు మండింది. తనడిగిందేమిటి, పిల్ల చెప్పిందేమిటి? ఇరవై రోజులుగా ఇదే వరస.

భీమిలి తీరంలో ఇప్పుడు ప్రతి ఇంటా స్నానాలగది గుమ్మం పక్కన నిలువెత్తు చర్మదర్శిని ఉంటోంది. పొద్దున్నే దాని ముందు ఒక్క నిమిషం నిలబడితే చాలు, ఒంటిమీది ప్రతి మచ్చనూ నిన్నటి కొలతతో పోల్చి, క్యాన్సర్ లక్షణం ఏదైనా ఉంటే మొదట్లోనే పట్టేస్తుంది. దాన్ని తయారుచేసిన పరిశోధకుల్లో జోషిత ఒకతె. అయితే ఆ అద్దం ముందు మనిషి నిలబడేది అరికాళ్ల మీదే. జోషిత అరికాలి కింది నల్లమచ్చను పట్టుకున్నది అద్దం కాదు. పిల్ల సోఫాలో కాళ్లు చాపుకుని పడుకుంటే, “ఇదేటే, తారు అంటుకుందా?” అని తడిగుడ్డతో తుడవబోయిన నూకరత్నం.

క్యాన్సరేనని తేలాక మచ్చ కోసి తీసేశారు. తొడమీది చర్మం తెచ్చి అక్కడ అతికించారు. మందులు ఇంకా నాలుగు నెలలు వాడాలన్నారు. ఇంటికి పంపేముందు చెవులకు ఊరటకమ్మలు పెట్టారు. అవీ జోషిత పరిశోధన ఫలితమే. చుట్టూ ఉన్నవాళ్ల గొంతులో భయం పలికితే ఆ మాటను మెత్తబరిచి రోగికి వినిపిస్తాయి.

“మెత్తబరచడమంటే ఏటే?” అని మొదటిరోజే అడిగింది నూకరత్నం.

“నువ్వు పది ‘అయ్యో’లు అంటే నాకు ఒక్కటే వినిపిస్తుంది,” అని నవ్వింది జోషిత. “నిన్ను చూసే కనిపెట్టానమ్మా. నేను పరీక్షకెళ్తుంటే బస్సు బోల్తా పడుతుందని గుమ్మంలో నిలబడి ఏడ్చేదానివి. గుర్తుందా?”

నూకరత్నం నొచ్చుకుంది. ఒప్పుకుంది కూడా. పదో తరగతితో చదువు ఆపేసిన తన భయాలు, అంత చదివిన పిల్ల ఆరోగ్యానికి అడ్డం రాకూడదనుకుంది. అయినా నోరు ఊరుకుంటేనా!

ఆ ఆదివారం తలంటు పెట్టుకున్నారు. కట్టు తడవకుండా కాలికి ప్లాస్టిక్ సంచి చుట్టి, ఎత్తుపీట మీద పెట్టించింది నూకరత్నం. నూనె తగిలితే పాడవుతాయని జోషిత కమ్మలు తీసి తల్లి చేతికిచ్చింది. వాటిని ఆమె కొంగున ముడివేసుకుని, నూనె వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

గిన్నె పొయ్యి మీద పెట్టాక బుద్ధి ఊరుకోలేదు. ఒక కమ్మ తీసి చెవికి ఆనించుకుని మెల్లగా గొణిగింది. “గజ్జల్లో బిళ్ల గానీ కట్టలేదు కదే?”

కమ్మలోంచి తన గొంతే పలికింది, మాట చివర తను తీసే రాగంతో సహా. “నీ కాలు చక్కగా మానుతోంది తల్లీ. నాకే దిగులూ లేదు.”

నూకరత్నం ఉలిక్కిపడి వెనక్కి చూసుకుంది. మళ్లీ పరీక్షించింది. “ముద్ద మింగట్లేదు, పుల్లలా అయిపోయావు కదే!”

“కళగా ఉన్నావు తల్లీ. నాకే దిగులూ లేదు.”

ఇరవై రోజులుగా తన నోటినుంచి పిల్ల వింటున్నది ఇదా? కాగుతున్న నూనె పొగ వచ్చేదాకా ఆమెకు కదలిక లేదు.

నూనె చల్లార్చి తెచ్చి, కూతురు నడినెత్తిన పోసి అద్దింది. “అమ్మడూ, నాకు దిగులు లేదని నేనెప్పుడూ అనలేదే.”

“రోజూ అంటున్నావుగా,” అంది జోషిత, కళ్లు మూసుకునే.

“అది అంటోంది. నేను కాదు. కాలు కోసి ఇంటికొచ్చిన కాణ్నుంచీ నేనడిగేది ఒక్కటే. గజ్జల్లో బిళ్ల గానీ కట్టలేదు కదే?”

జోషిత భుజాలు బిగుసుకున్నాయి.

నూనె ధార చెవి వెనకనుంచి మెడమీదకు జారింది. బక్కెట్లో వేడినీళ్ల ఆవిరి సన్నగిల్లింది. కమ్మలు లేని ఆ చెవులు పసిపిల్ల చెవుల్లా బోసిగా ఉన్నాయి. ఎప్పుడూ ఒక భయం వెనక ఇంకో భయం చేర్చే నూకరత్నం, ఈసారి ఒక్క మాటా కలపలేదు. చేయి నెత్తిమీదే ఉంచి నిలబడింది.

జోషిత ఆ జిడ్డుచేతిని అందుకుని గట్టిగా పట్టుకుంది.

“కట్టిందమ్మా,” అంది. “చింతగింజంత. వారమవుతోంది. చర్మం కింద ఉంది, అద్దానికి కనబడదు. రోగం అక్కడికీ పాకిందంటారేమోనని డాక్టరుకి చెబుదామంటే నోరు రాలేదు. నువ్వే అడుగుతావులే, అప్పుడు చెబుదామని... రోజూ నీ మొహంకేసే చూస్తున్నా.”