నీలం మచ్చల ఫ్లైవీల్

వాన పట్టుకుని మూడు రోజులైంది. తిరుపతి బైపాస్ పక్క సందులో గోవిందస్వామి పాత స్పేర్ పార్టుల షాపులో సగం అరలు ఖాళీ. ఆయన పోయి నెల దాటింది. మిగిలిన సామాను అమ్మేసి, కూతురు పవిత్ర సోమవారం దూరాన శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరబోతోంది.

ఆ మాట విన్నప్పటి నుంచి టాక్సీ తోలే మునిశేఖర్‌కు అన్నం సహించడం లేదు. మూడేళ్లుగా ఈ షాపు చుట్టూ తిరిగి, మనసులో మాట ఒక్కటీ చెప్పలేకపోయిన మొద్దు అతను. ఈ రోజు మాత్రం నిజంగానే పని పడింది. క్లచ్ కాలిపోయి, ఇంజను వెనక తిరిగే ఇనుప చక్రం, అదే ఫ్లైవీల్, పగిలిపోయింది.

"ఉండేది ఇదొకటే," అంటూ పవిత్ర ఒక చక్రాన్ని బల్ల మీద పెట్టింది. "నీలం మచ్చలు సూడు. వేడికి కాలిండాది."

"పర్వాలేదులే. లేత్‌లో పైపొర కోయిస్తా."

"మచ్చలు పోతాయి. లోపల పగులుంటే?"

"ఉండనీ. తీసుకుంటా."

ఆమె ముఖం చిన్నబోయింది. "మా నాయన పోయినప్పటి నుంచి అందరూ ఇట్లే జాలిపడి కొంటాండారు. నువ్వు గూడానా?"

జాలి కాదని చెప్పాలనుకున్నాడు అతను.

పగులుందో లేదో తేల్చడానికి పవిత్ర తండ్రి చేసే పనే చేసింది. చక్రానికి కిరసనాయిలు పూసి, కాసేపాగి పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, పైన చాక్‌పీసు రుద్దింది. ఇద్దరూ వంగి చూస్తూ నిలబడ్డారు. ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ నిలబడలేదు, ఇక నిలబడదు కూడా అనుకున్నాడు అతను.

తెల్లటి సుద్ద మీద, బోల్టు రంధ్రం నుంచి అంచు దాకా, సన్నటి తడి గీత తేలింది. పగుల్లో ఇంకిన కిరసనాయిలు బయటికొచ్చింది.

"సూసినావా? కొండెక్కేటప్పుడు ఇది పగిలితే బండిలో ఉండే జనం ఏమైపోవాల? నేను అమ్మను."

"అమ్మకపోతే నేనింక ఏం సాకు సెప్పి నీ దగ్గరికొచ్చేది?" అన్నాడు మునిశేఖర్. "ఈ మూడేండ్లలో ఈడ కొన్నవి సగం నా బండికి పనికే రావు పవిత్రా. నిన్ను సూసేదానికే వచ్చినా."

"తెలుసు. నీది డీజిల్ బండి. దాంట్లో స్పార్క్ ప్లగ్గులే ఉండవు. నాలుగుసార్లు కొనుక్కొని పోయినావు."

అతను సిగ్గుతో తల దించుకున్నాడు.

"నాయనకూ తెలుసు. నీ బండి సందు మొగదల్లో కనపడితే సాలు, టీ తాగొస్తానని లేసి పొయ్యేటోడు." నవ్వబోయి ఆమె ఏడ్చేసింది. "ఈ పిల్లోడు ఎప్పుడు అడుగుతాడో అని నన్ను ఉడికించేటోడు. వినకుండానే పోయినాడు."

మునిశేఖర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండు నెలల ముందు నోరు విప్పి ఉంటే ఆ పెద్దాయన విని ఉండేవాడు. ఇప్పుడు ఎవరికి చెప్పుకున్నా ఆయనకు చెప్పినట్టు కాదు.

పవిత్ర కళ్లు తుడుచుకుని, చక్రాన్ని పాత ఇనుము కుప్పలోకి దొర్లించింది.

"పాకాలలో స్పేర్ పార్టుల షాపుండే జయరావన్న దగ్గర మంచిదుండాది. ఫోన్ చేసి సెప్తా."

"మరి మన సంగతి?"

"ఆడ నాకు ఆదివారాలు సెలవు. శ్రీ సిటీకి బస్సెక్కి రా," అంది పవిత్ర. "ఈసారి ఏమీ కొనకుండా రా."