కాగితం ఆరేదాకా

జయరామ్ మూడు గంటలు ఎండలో నిలబడి తీసిన శాసనం అచ్చును ఒక మేక తినేసింది.

పూర్తిగా తినలేదు. రాజుగారి బిరుదులన్నీ తినేసి, దానమిచ్చిన పొలం సరిహద్దుల దగ్గర కాస్త ఆగింది. జయరామ్ కేక పెట్టగానే మిగిలింది నోట కరుచుకుని, కంచె సందులోంచి బండిబాటలోకి దూకింది. అక్కడ ఒక అమ్మాయి దాని మెడ పట్టుకుని నిలబడింది.

"మీ మేక చోళరాజును తినేసింది" అన్నాడు జయరామ్.

ఆ అమ్మాయి మేక నోట్లోంచి నల్లటి కాగితం ముక్క లాగి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ మసి విషమా?"

"కాదు."

"అయితే సరే. మేకకేమన్నా అయితే మా నాయన మిమ్మల్ని ఊరు దాటనియ్యడు. అసలే మీమీద ఆయనకు అనుమానం."

అది 1979. జయరామ్‌ది చిత్తూరు. శాసనాలు సేకరించే సర్కారు ఆఫీసులో చిన్న ఉద్యోగం. సత్యవేడు దగ్గర నాగలకండ్రిగలోనూ, దాని చుట్టుపక్కల దోవల్లోనూ ఉన్న రాళ్ళన్నిటికీ పది రోజుల్లో అచ్చులు తీసి పంపమన్నారు. అద్దె సైకిల్ మీద కాగితాల చుట్ట, మసిడబ్బా కట్టుకుని వచ్చాడు.

పని చిన్నదే. రాయి కడిగి, తడి కాగితం అంటించి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టాలి. కాస్త ఆరాక మసి అద్దితే కాగితం నల్లగానూ అక్షరాలు తెల్లగానూ తేలతాయి. ఆ తర్వాత పూర్తిగా ఆరేదాకా పక్కనే కూర్చోవాలి. ఎందుకు కూర్చోవాలో మేక ఇప్పుడే చెప్పింది.

ఇలా రాళ్ళకు కాగితాలు అంటించేవాడికి సర్కారు జీతమిస్తుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నిధి కోసమే వచ్చాడని మొదటి రోజే తేల్చేశారు. ఊరి పెద్ద చెంగల్రాయుడు మగవాళ్ళంతా వేరుశనగ కలుపుల్లో ఉన్నారని, తిరుపతిలో బి.ఏ. చదివి ఇంటికొచ్చిన కూతురు చంద్రకాంతను, అంటే మేక మెడ పట్టుకున్న ఆ అమ్మాయినే, జయరామ్‌కు కాపలా పెట్టాడు. చంద్రకాంతకు కాపలాగా తన అక్క మునెమ్మను పెట్టాడు. మునెమ్మ ఏ రాయి దగ్గరైనా ముందు నీడ చూసుకుని, ఆకువక్క వేసుకుని, కళ్ళు మూసుకునేది. ఆమెకెవరూ కాపలా లేరు.

అలా ముగ్గురూ దోవలు పట్టారు. పైకప్పు లేని శివాలయం, చెరకుతోట మధ్యలో కత్తి పట్టుకున్న వీరుడి రాయి, తడ వైపు పోయే దారిలో నాలుగు స్తంభాల మంటపం. ఇసుకలో సైకిల్ నడవదు కాబట్టి జయరామే దాన్ని నడిపించేవాడు. ఏ దోవ ఎక్కడ తేలుతుందో చంద్రకాంతకు తెలుసు.

"ఇది ఎండాకాలం దోవ, సార్. వానొస్తే వాగు."

"మరి వానాకాలం ఎలా వెళ్తారు?"

"పోం."

ప్రతి రాయి దగ్గరా ఆమె ఒకే ప్రశ్న అడిగేది. "నిధి ఏమన్నా ఉండాదా?"

"ఈ ధర్మాన్ని చెడగొట్టినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడట."

"నిన్నటి రాయీ అదే కదా చెప్పింది."

"అన్నీ అదే చెప్తాయి."

చంద్రకాంత ఆ రాయిని చూసింది. ఎవరో దాన్ని కాలవ మీద దాటడానికి వేసుకున్నారు. "అంత తిట్టినా ఎవురూ భయపడినట్టు లేదే" అంది.

నాలుగో రోజు మబ్బు పట్టింది. కాగితం ఎంతకీ ఆరలేదు. ఆ సాయంత్రం దాకా చంద్రకాంత హాస్టల్ సాంబారు గురించీ, హిస్టరీ పేపర్లో తాను సొంతంగా కల్పించిన ఒక యుద్ధం గురించీ, దానికి వచ్చిన మార్కుల గురించీ చెప్పింది. అంతవరకు ఎండ కోసం ఆకాశం చూసే జయరామ్ ఆ మర్నాటి నుంచి మబ్బు కోసం చూశాడు. మబ్బు లేని రోజు కాగితం కాస్త ఎక్కువ తడిపాడు.

ఎనిమిదో రోజు మంటపంలో ఉండగా వాన పట్టుకుంది. మునెమ్మ స్తంభానికి ఆనుకుని నిద్రపోతోంది. తీసిన అచ్చులు నేలమీద వరసగా పరిచి ఉన్నాయి.

"సార్, మీ ఆఫీసుకు రాయికి ఎన్ని కాపీలు కావాల?" అంది చంద్రకాంత.

"రెండు."

"మొదట్లో రెండే తీసినారు. మబ్బు పట్టినంక మూడు. ఈ పొద్దు నాలుగు."

"మేక తింటుందేమోనని."

"మేకను కట్టేసి వారమయింది."

జయరామ్ వాన వైపు చూశాడు. వాన అతనికేమీ సాయం చేయలేదు. "కాగితం ఆరేదాకా మీరు కూర్చుంటారని" అన్నాడు.

చంద్రకాంత వంగి, నాలుగో కాగితాన్ని రెండు వేళ్ళతో మెల్లగా జల్లు పడే వైపుకు జరిపింది.

"నాయన ఒప్పుకుంటేనే" అంది, వాననే చూస్తూ. "ఆయన్ని కాదని నేను రాను."

జయరామ్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఒక కారణం. చెంగల్రాయుడు రెండో కారణం.

చివరి రాయి చెంగల్రాయుడి కొట్టంలోనే ఉంది. ఆ ఇంటి పూర్వీకుడు పులిని చంపితే రాజు మెచ్చి ఊరు రాసిచ్చాడని, ఈ రాయే దానికి సాక్ష్యమని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. పదో రోజు పొద్దున్నే చెంగల్రాయుడు కొట్టం ముందు నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. ఊరివాళ్ళు పదిమంది చేరారు.

రాయి నిండా దీపం పొగ. "ఇంత మసి ఎందుకు పట్టింది?" అన్నాడు జయరామ్.

"అమాసకు అత్త దీపం పెడుతుంది. ఎందుకో అడిగితే చెప్పదు" అంది చంద్రకాంత.

కుంకుడు పులుసు పోసి కడిగాడు. కాగితం అంటించి కొట్టాడు. మసి అద్దాడు. తెల్లగా తేలిన అక్షరాలు ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. చంద్రకాంత అతని మొహం చూసి దగ్గరకొచ్చింది.

"పులి లేదా?" అని మెల్లగా అడిగింది.

"లేదు. మీ పూర్వీకుడు అడవిపందికి గురిపెట్టిన బాణం ఒక మనిషికి తగిలింది. అతను చచ్చిపోయాడు. ఊరి సభ కూడి, కావాలని చేసింది కాదని తేల్చి, దోషం పోవడానికి గుడిలో దీపం వెలిగించమంది. దీపం నెయ్యికి తొంభై గొర్రెలు ఇచ్చాడు."

చంద్రకాంత నాయన వైపు ఒకసారి చూసింది. "పులి అని చెప్పండి."

"చంద్రకాంతా."

"చెప్తే ఇప్పుడే భోజనానికి కూర్చోబెట్టి మీ ఊరూ పేరూ అడుగుతాడు. మిగతాది నేను చూసుకుంటా. లేదంటే మీరు సాయంత్రం బస్సుకు పోవాల్సిందే."

"రిపోర్టులో పులి ఉండదు కదా."

"మీ రిపోర్టు ఎవురు చదువుతారు?"

నిజమే, ఎవరూ చదవరు. జయరామ్‌కు పులి అనాలని చాలా ఉంది. ఆమె కావాలని అంతకంటే ఎక్కువగా ఉంది. కానీ పది రోజులుగా ప్రతి రాయి దగ్గరా అతను చదివిన ప్రతి మాటా ఆమె నమ్మింది. ఈ ఒక్కటీ అబద్ధమైతే, ఇకమీద ఏం చెప్పినా నిజమేనా అని ఆమె ఒకసారి అతని మొహం చూసుకుంటుంది. ఆ చూపు అతను భరించలేడు.

"ఏమప్పా, ఏం రాసుండాది?" అన్నాడు చెంగల్రాయుడు.

జయరామ్ చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు, మొదటి అక్షరం నుంచి చివరి గొర్రె దాకా.

ఊరివాళ్ళు నేల చూపులు చూశారు. చంద్రకాంత గోడవైపు తిరిగి నిలబడింది.

"తొంభై గొర్రెలూ ఇచ్చినాడా, కొన్నే ఇచ్చినాడా?" అన్నాడు చెంగల్రాయుడు చివరికి.

"అన్నీ ఇచ్చాడు. మేపడానికి తీసుకున్నవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి."

నీడలో కూర్చున్న మునెమ్మ కళ్ళు తెరిచింది. "మన అవ్వ సెప్పింది నిజమే కదరా" అంది తమ్ముడితో.

"నీకు ముందర ఇద్దరు పండితులొచ్చినారు" అన్నాడు చెంగల్రాయుడు జయరామ్‌తో. "ఇద్దరూ నా మొగం సూసి పులి అన్నారు. బోంచేసి పోయినారు. పులిని సంపినోడింట్లో అమాస దీపమెందుకప్పా? ఆ సచ్చిపోయినాయన కోసం మా ఇంటి ఆడోళ్ళు ఇప్పటిదాకా పెడతా ఉండారు. బయట సెప్పరు, అంతే."

చంద్రకాంత ఇటు తిరిగింది. "నాకెందుకు చెప్పలే అత్తా?"

"ఆడపిల్లకు పెండ్లి కుదిరినంక సెప్పే మాట అది" అంది మునెమ్మ. "ఇప్పుడు ముందే తెలిసిపోయ. ఇంక పెండ్లి ఆలస్యం సేయకూడదు."

జయరామ్ చేతులకున్న మసి లుంగీకి తుడుచుకున్నాడు. అది తెల్ల లుంగీ. "చెంగల్రాయుడుగారూ, ఇంకొకటి చెప్పాలి. అది రాతిమీద లేదు."

"నిజమేనా?"

"నిజమే. మీ అమ్మాయంటే నాకు ఇష్టం. చేసుకోవాలని ఉంది."

చెంగల్రాయుడికి ఆశ్చర్యం కలిగినట్టు కనపడలేదు. "సేసుకునేది ఆమె. ఆమెనడుగు" అన్నాడు.

అందరూ చంద్రకాంతను చూశారు. ఆమె కోపంగానే ఉంది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఒక్క అబద్ధం చెప్పమని బతిమాలినా చెప్పలే నాయనా. రేపు పెళ్ళయినంక, కూర బాగుందా అని అడిగితే ఈయన ఏం చెప్తాడు?"

"బాగుంటే బాగుందంటాను" అన్నాడు జయరామ్.

"బాగాలేకపోతే?"

జయరామ్ ఆలోచించాడు. పదిమంది ఎదురుచూశారు.

"బాగాలేదంటాను" అన్నాడు. "అనేసి, మళ్ళీ వడ్డించుకుంటాను."

చంద్రకాంత అతని మొహం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కనపడలేదు. నాయన వైపు తిరిగి, "సరే అని చెప్పు నాయనా" అంది.