తగ్గని బల్బు

ఆ ఎలక్ట్రీషియన్‌కి ముప్పై ఏళ్ల పనిలో ఒక్కటే చాదస్తం. వెలుగు తగ్గించే డిమ్మరున్న గదికి ఏ బల్బు పడితే ఆ బల్బు పెట్టనిచ్చేవాడు కాదు. పాత పసుపు బల్బులు ఎంత తగ్గిస్తే అంత తగ్గేవి, ఆ కాలపు ఇల్లాళ్లలాగా. ఎల్ఈడీలు అలా మాట వినవు. "డిమ్మరుకు పనికొస్తుందో లేదో డబ్బా మీద చదివి కొనండి. జోడీ కుదరకపోతే కాపురమైనా, దీపమైనా కొట్టుకు చస్తుంది" అనేవాడు.

చెల్లెలికి సంబంధం చూసినప్పుడు మాత్రం డబ్బా మీద ఏమీ చదవలేదు.

ఆ మొగుడు పడకగది కిటికీలకు చెక్కలు కొట్టించాడు. ఆమెను కొట్టబోయే ముందు గోడ మీద డిమ్మరు తిప్పి, దీపం సన్నం చేసేవాడు. వాడు చచ్చి నలభై రోజులైంది. చెల్లెలు కబురు పెడితే అన్న మిట్టమధ్యాహ్నం వెళ్లాడు. ఆమె దవడ వాచి ఉంది.

"పడ్డావా?"

"లేదన్నయ్యా. దీపం దానంతట అదే తగ్గుతోంది. తగ్గితే... ఆయన వస్తున్నాడు."

"పక్కగదిలో పడుకోవచ్చుగా?"

"అక్కడే పడుకుంటున్నా. లేచేసరికి ఈ పడకగదిలో ఉంటున్నా."

డిమ్మరు తీసేసి పెడదామంటే అతని సంచిలో మామూలు స్విచ్చి లేదు. ఉన్నది డిమ్మరుకు పనికిరాని బల్బు. తగ్గని బల్బైతే వాడెలా వస్తాడు? ఇన్నేళ్లుగా వద్దన్న పనే ఆ రోజు తన చేత్తో చేశాడు.

"రేపు స్విచ్చి తెచ్చి డిమ్మరు పీకేస్తా. ఇవాల్టికి ఇది చాలు."

గదిలో మూసిపెట్టిన పక్కబట్టల వాసన. దాని అడుగున వాడు తాగిన చుట్టల కంపు.

కిర్... కిర్...

డిమ్మరు తిరుగుతోంది. ఎవరూ ముట్టుకోలేదు.

బల్బు తగ్గలేదు. టపటపా కొట్టుకుంది. వెలుగు, చీకటి, వెలుగు. చీకటి పడ్డప్పుడల్లా ఒక మనిషి. ఒకసారి తలుపు దగ్గర. మరోసారి... మంచం దగ్గర. మరోసారి...

చెల్లెలి తల గోడకు కొట్టుకుంది. వెలుగు. ఎవరూ లేరు. చీకటి. మళ్లీ కొట్టుకుంది. గోడ మీద నెత్తురు.

"అన్నయ్యా... ఆపు..."

అన్న స్క్రూడ్రైవర్‌తో డిమ్మరు మీదికి ఉరికాడు. చల్లటి చెయ్యి అతని ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుని వెనక్కి విరిచింది. పుటుక్కుమంది. తర్వాత ఉంగరం వేలు. తీరిగ్గా, లెక్కపెడుతున్నట్టు. కుడిచేత్తో డిమ్మరు పెకిలించాడు. షాకు గూబ దాకా కొట్టింది. రెండు వైర్లూ కలిపి మెలిపెట్టాడు.

నిండు వెలుగు. నేల మీద చెల్లెలి పన్ను ఒకటి. ఆమెకు ఊపిరి ఆడుతోంది.

ఆసుపత్రిలో కట్లు కట్టించుకుని, ఆమెను తన ఇంటికే తీసుకొచ్చాడు. అక్కడ అన్నీ మామూలు స్విచ్చులే. పొద్దువాలాక చెల్లెలు నిద్రపోయింది. పనిముట్ల సంచి గుమ్మం పక్కన ఉంది. పెకిలించిన డిమ్మరు అందులోనే పడేసినట్టు అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమండీ, కరెంటు తక్కువొస్తోందా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

అతను తలెత్తాడు. చెల్లెలి మంచానికి పైన వెలిగే బల్బు కూడా డిమ్మరుకు పనికిరానిదే. అది తగ్గుతోంది. ఒక్కసారి కూడా కొట్టుకోకుండా, మెత్తగా, జోడీ చక్కగా కుదిరినట్టు...

సంచిలో కిర్... కిర్...