బాలింతకు నీళ్లా!

“అమ్మా, తల పగిలిపోతున్నదే... గుక్కెడు నీళ్లియ్యవే!” ఇలా ఎన్నిసార్లు అడిగిందో కృపకే తెలియదు. పురుటికని మొయినాబాద్‌లోని పుట్టింటికి వచ్చి, పండంటి ఆడపిల్లను కని వారం దాటిందో లేదో, ఈ తలనొప్పి పట్టుకుంది! తల్లి శాంతమ్మ మాత్రం, “బాలింతకు నీళ్లా! పొట్ట పెరుగుతది, పసిదానికి జలుబు చేస్తది. జర ఓర్చుకో బిడ్డా!” అంటూ చెవులకు కట్టిన గుడ్డ ఇంకాస్త బిగించింది. ఆ ఇంట్లో అందరూ వైద్యులే! పక్కింటి కృష్ణమ్మ చలిగాలి తగిలిందంది. తండ్రి స్వామిదాసు ప్రార్థన చేసి పడుకోమన్నాడు. పోనీ, కట్టుకున్నవాడికైనా చెప్పుకుందామని ఫోన్ చేస్తే, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే ప్రేమ్‌చంద్, “మీటింగ్‌ల ఉన్న. తలనొప్పికే గింత పరేషానా! గోలీ ఏస్కో, తగ్గుతది,” అని పెట్టేశాడు. అబ్బబ్బ, ఆడదాని నొప్పంటే ఎంత అలుసు!

మర్నాడు పాలిస్తుండగానే కృప కుడిచేయి జారిపోయింది. శాంతమ్మ పసిదాన్ని ఒడిసి పట్టుకునేలోగా కృప కళ్లు తేలేసి, నోట నురగతో కొట్టుకుంది! అప్పుడు పరుగెత్తారు నగరంలోని పెద్ద దవాఖానకు.

“మెదడులో రక్తం గడ్డకట్టింది. కాన్పయ్యాక అసలే రక్తం చిక్కగా ఉంటుంది, పైగా నీళ్లు మాన్పిస్తారా? తలనొప్పి అన్ననాడే తీసుకురావద్దా?” అని డాక్టరమ్మ కసిరింది.

నాలుగు రోజులకు కృప తేరుకుంది. కానీ మాట ముద్దగా వస్తోంది, కుడిచేయి లేవడం లేదు. ఆ మంచం పక్కనే ప్రేమ్‌చంద్ అత్తగారి మీద విరుచుకుపడ్డాడు. “నా పెండ్లాన్ని ఎండబెట్టి చంపుతుంటిరి గద అత్తమ్మా! ఇగ మీరు దీని దగ్గరికి రావద్దు!”

“నిజమే అల్లుడా... నేనే చేసిన...” శాంతమ్మ పసిదాన్ని మంచం మీద పడుకోబెట్టి, ఏడుస్తూ గుమ్మం వైపు కదలబోయింది.

కృపకు ఒళ్లు మండిపోయింది. చావు దాకా వెళ్లొస్తే, ఇప్పుడు కూడా వీళ్ల తగవులేనా! ఎడమచేత్తో తల్లి కొంగు పట్టుకుంది. “యాడికే? బిడ్డకు... ఆకలైతున్నది. నా చెయ్యి లేస్తలేదు... నువ్వు పోతే ఎవరు పట్టుకుంటరు?” భర్త వైపు తిరిగి మాటలు కూడదీసుకుంది. “అమ్మ... తెల్వక చేసింది. నీకు... ఫోన్ చేసి చెప్పిన గద!”

ప్రేమ్‌చంద్ తల వాలిపోయింది. కుర్చీ జరిపి, “కూసోండ్రి అత్తమ్మా...” అన్నాడు.

పాలివ్వొచ్చని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. శాంతమ్మ పసిదాన్ని ఎత్తి కూతురి రొమ్ముకు అందించి, దాని కడుపు నిండేదాకా పట్టుకున్న చేయి తీయలేదు.